రాతికొండలలో ఒకదినపు యాత్ర

ఫ్రాన్సుదేశపు ఆగ్నేయభాగమున ప్రోవాన్స్ అను సీమ కలదు. ఆల్ప్స్ పర్వతములలో పుట్టిన రోన్ నది ఆ సీమకు పడమటి అంచున దక్షిణముఖముగా ప్రవహించి మధ్యధరాసముద్రమున కలయుచున్నది. ఆ నదికి తూర్పున, ఒరాంజ్ పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, మైదానమునుండి హఠాత్తుగా లేచి నిలిచిన ఒక చిన్న పర్వతపంక్తి కనబడును. దాని పేరు దాంతెల్ ద మోంమిరాయ్. ఫ్రెంచిభాషలో దాంతెల్ అనగా లేసు. ఆ మాటకు మూలార్థము చిన్నపన్ను అని. నరసాపురప్రాంతపు స్త్రీలు కొక్కెపుసూదితో అల్లెడు లేసు అంచు ఎట్లు పండ్లుపండ్లుగా నుండునో, ఈ కొండల శిఖరరేఖయు ఆకాశమున అట్లే రంపపుపండ్లవలె, నడుమ నడుమ రంధ్రములతో కానవచ్చును. అందువలన ఆ పేరు వచ్చినది.

ఈ కొండలలో అత్యున్నతమగు సేంట్ అమాన్ శిఖరము ఎత్తు సుమారు 730 మీటర్లు మాత్రమే. మన తిరుమల దీనికంటె ఎత్తైనది. తిరుమలకు నిత్యము వేలకొలది జనులు, వృద్ధులు సైతము, కాలినడకను ఎక్కుచుండగా, ఇంత చిన్నకొండకు ముందుగా ఆలోచన ఎందులకని ఎవరికైనను తోచవచ్చును. కాని తిరుమలదారికి మెట్లు కలవు, నీరు కలదు, నీడ కలదు, తోడుగా జనసమూహము కలదు. ఇచట అవి యేవియు లేవు. కొండ కష్టమును దాని ఎత్తునుబట్టి కొలువరాదు; అది ఎట్టి రాతితో నైనదో, దారి ఎట్లు పోవునో, గాలి యేదిక్కునుండి వీచునో, నీరు ఎచ్చట దొరకునో, ఇవన్నియు చూడవలెను.

ముందు ఆ రాతి సంగతి తెలిసికొనుట అవసరము. దాదాపు 15 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ ప్రదేశమంతయు సముద్రగర్భమున నుండెను. జలచరముల చిప్పలును సున్నపుబురదయు పొరలుపొరలుగా అడుగున పేరుకొని గట్టిపడి సున్నపురాయి అయినవి. వానికి క్రింద అంతకంటె ప్రాచీనములైన ఉప్పు, జిప్సము పొరలు ఉండెను. ఉప్పు తేలికయైనది, పైని బరువు మోపినచో మెత్తని పిండివలె ప్రక్కలకును పైకిని జరుగు స్వభావము కలది. భూమిపొరలు ఒత్తిడికి లోనైనప్పుడు ఈ ఉప్పుపొర పైకి పొడుచుకొని వచ్చి మీది సున్నపురాతిపలకలను ఎత్తి నిలువున నిలబెట్టినది. పడుకొనబెట్టిన పుస్తకమును లేపి నిలబెట్టినట్లు, ఒకప్పుడు అడ్డముగా నుండిన పొరలు నేడు గోడలవలె నిలిచియున్నవి. వాని నడుమ నుండిన మెత్తని సున్నపుమట్టి వానలకు కొట్టుకొనిపోగా, గట్టిరాయి మాత్రము కత్తివాదరవలె మిగిలినది. ఆ కత్తివాదరలే దాంతెలులు.

కొట్టుకొనిపోయిన మట్టి ఎచ్చటికి పోయినది? కొండపాదమున పేరుకొన్నది. ఆ మట్టిలోనే ద్రాక్ష పండుచున్నది. జిగోందాస్, వాకెరాస్, బోమ్ ద వెనీజ్, సెగురే, సుజెత్, లాఫార్ అను గ్రామములు ఈ కొండల చుట్టును కోటకు కాపున్నట్లు నిలిచియున్నవి. ప్రతిగ్రామమునుండియు ద్రాక్షతోటలు మెట్లుమెట్లుగా కొండమీదికి ప్రాకినవి. మట్టి జారిపోకుండుటకు రైతులు తరతరములుగా సున్నములేక రాతిపై రాయి పేర్చి గట్టులు కట్టిరి. రాళ్లతో నిండిన ఆ నేలలో తీగ తన వేళ్లను చాల లోతునకు పంపి నీటిని వెదకికొనును. జిగోందాస్ గ్రామము కొండకు పడమటివైపున నున్నందున ఉదయమున చాలసేపు రాతిగోడల నీడ దాని తోటలపై పడును. అందుచే వేసవివేడిమిలోను పండు నెమ్మదిగా పక్వమగును. రైతునకు మేలుచేయు ఆ నీడయే, పెందలకడ బయలుదేరిన పథికునకును తొలిగంటలలో గొడుగు పట్టును.

కావ్యములను ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని విభజించుట మన అలంకారికుల సంప్రదాయము. నోట వేసికొన్నంతనే రసమిచ్చునది మొదటిది. పెంకు పగులగొట్టినగాని రసము చిక్కనిది చివరిది. ఈ కొండయందు క్రిందిభాగము అక్షరాల ద్రాక్షాపాకము, పైభాగము నారికేళపాకము. తోటలనడుమ చల్లగా నడచి వచ్చినవాడు పైభాగమును అట్లే దాటవచ్చునని భ్రమపడుటవలననే చిక్కులు కలుగుచున్నవి.

ఈ కొండలకు తూర్పున, కన్నులయెదుటనే, 1910 మీటర్ల ఎత్తుగల వాంతూ పర్వతము కలదు. 1336 ఏప్రిల్ 26వ తేదీన ఇటలీదేశపు మహాకవి పెట్రార్క్ దానిని ఎక్కినట్లు తన లేఖలో వ్రాసికొనెను. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరములు. దాంతెలులకును వాంతూకును నడుమనున్న మలోసెన్ గ్రామమున విడిది చేసి ఆయన బయలుదేరెను. ఆ లేఖ వ్రాసి ఏడువందల సంవత్సరములు కావచ్చుచున్నను, కొండయాత్రకు సిద్ధపడువారు తెలిసికొనదగిన విషయములు అందు రెండున్నవి.

మొదటిది తోడు విషయము. ఎవరిని వెంట తీసికొనిపోవలెనని పెట్రార్క్ మిత్రులనందరిని ఒక్కొక్కరినే మనస్సులో పరీక్షించెను. ఒకడు మిక్కిలి మందగామి, మరియొకడు మిక్కిలి తొందరపాటువాడు. ఒకడు అతిగా విచారించును, మరియొకడు అతిగా ఉల్లసించును. ఇంటియొద్ద ఓర్చుకొనదగిన ఈ గుణములే దారిలో భారములగునని తలచి, తుదకు తన తమ్ముడగు గెరార్దోను ఎన్నుకొనెను. కొందరికి ఇది చాదస్తముగా తోచవచ్చును. కాని ఒకరి ప్రాణమునకు మరియొకరు పూచీపడవలసినచోట ఇట్టి విచారణ చాదస్తము కాదు.

రెండవది దారి విషయము. తమ్ముడు నిటారుగానున్న దారిని పట్టి సూటిగా శిఖరమువైపు ఎక్కిపోయెను. పెట్రార్క్ మాత్రము కష్టములేని దారి దొరకునేమోయని ప్రక్కలకు తిరుగుచు మరల మరల లోయలోనికే దిగిపోయెను. పైనున్న తమ్ముడు విశ్రమించి సేదదీరినవాడు. అన్న అలసి సొలసి, తనపై తనకే కోపము వచ్చి, మరల ఎక్కవలసివచ్చెను. ఇట్లు ఒకసారి కాదు, పలుమారులు జరిగెను. దిగుమార్గము పట్టి ఎత్తునకు చేరవలెననుకొనుటలోని అవివేకమును ఆయన తరువాత చక్కగా విమర్శించుకొనెను. వారికి దారిలో ఒక వృద్ధుడగు గొల్లవాడు ఎదురై, తాను ఏబదియేండ్ల క్రిందట ఎక్కి, బట్టలును చర్మమును చినుగుటయేగాని మరేమియు పొందలేదని చెప్పి వారింపజూచెను. వారు వినలేదు. అయినను అనవసరమగు బరువును అతనియొద్దనే విడిచిపోయిరి. అది మంచిపనియే.

పెట్రార్కునకు లేని సాధనమొకటి నేటివారికి కలదు. అది పటము. ఫ్రాన్సుదేశమునకంతకును 1:25000 ప్రమాణమున పటములు దొరకును. అట్టి పటముపై 4 సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరునకు సమానము. ఒక దారమును తీసికొని పటముమీది దారి వంకర్ల వెంబడి పరచి, తరువాత చాచి కొలిచినచో దూరము తెలియును. ఆ దారము 56 సెంటీమీటర్లున్నచో దారి 14 కిలోమీటర్లన్నమాట. పటమునకు ఎక్కని చిన్నమలుపులు నేలపై పెక్కుండును గావున దానికి పదియవవంతు చేర్చుకొనుట క్షేమము.

దూరముకంటె ముఖ్యమైనవి సమోన్నతరేఖలు. సమానమైన ఎత్తుగల స్థలములనన్నిటిని కలుపుచు గీచిన గీతలివి. కొండప్రాంతపు పటములలో సాధారణముగా ఒక గీతకును మరుగీతకును నడుమ 10 మీటర్ల ఎత్తు భేదముండును. గీతలు దూరదూరముగా నున్నచో నేల వాలు తక్కువ; దగ్గరదగ్గరగా నున్నచో నిటారు; ఒకదానినొకటి ఒరసికొన్నచో అచట కొండచరియ కలదని అర్థము. పటముపై ఒక సెంటీమీటరులో అయిదు గీతలను దారి దాటుచున్నదనుకొందము. అనగా 250 మీటర్లు నడచునప్పటికి 50 మీటర్లు ఎక్కవలెను. అయిదడుగులు ముందునకు, ఒక అడుగు పైకి. బడిమెట్లకంటె వాలు తక్కువయే. కాని బడిమెట్లు పది యిరువదితో ముగియును, ఇవి ముగియవు.

స్కాట్లండు దేశీయుడగు విలియం నైస్మిత్ అను పర్వతారోహకుడు 1892లో కాలమును లెక్కించుటకు ఒక సులభసూత్రమును చెప్పెను. మైళ్లను అడుగులను మెట్రిక్కు మానములోనికి మార్చి నేడు దానిని ఇట్లు వాడుచున్నారు: సమతలమున గంటకు 5 కిలోమీటర్లు, దానిపైన, ఎక్కిన ప్రతి 600 మీటర్లకును ఒక గంట అదనము. జిగోందాసునుండి బయలుదేరి కేరోన్ కనుమను చేరి, అచటినుండి సేంట్ అమాన్ శిఖరపంక్తిని ఎక్కి, చుట్టు తిరిగి వచ్చునట్టి ఒక దారి 14 కిలోమీటర్లనియు, మధ్యమధ్య దిగి మరల ఎక్కినదంతయు కలిపి ఎక్కుడు 750 మీటర్లనియు అనుకొందము. దూరమునకు 2 గంటల 48 నిమిషములు. ఎత్తునకు 1 గంట 15 నిమిషములు. మొత్తము 4 గంటలపైన 3 నిమిషములు. ఈ లెక్క చూచి, మధ్యాహ్నభోజనమునకు ఊరు చేరవచ్చునని సంతోషించువాడు మోసపోవును. నైస్మిత్ చెప్పినది దృఢకాయుడు, మంచిదారిని, ఎచ్చటను నిలువక నడచినపుడు పట్టు కాలము. రాతిదారికి దానిలో సగము కలుపవలెను; అప్పుడు 6 గంటలగును. విశ్రాంతికిని భోజనమునకును గంటంబావు. మొత్తము 7 గంటలపైన 15 నిమిషములు. ఉదయము 7 గంటల 30 నిమిషములకు బయలుదేరినచో మధ్యాహ్నము 2 గంటల 45 నిమిషములకు తిరిగి వత్తురు. ఈ లెక్కయు బృందములోని వేగిరపాటువానిని చూచి కాక, అందరికంటె మెల్లగా నడచువానిని చూచి వేయవలెను. అతడు చేరనిదే బృందము చేరినట్లు కాదు.

ఇక ఋతువు. ఆ సీమ ఉత్తరమున 44వ అక్షాంశమున నున్నది. మన తెలుగునాట అతిదీర్ఘమగు పగలు సుమారు 13 గంటలు, అతిహ్రస్వమైనది సుమారు 11 గంటలు. భేదము పెద్దది కాదు గనుక పగటికాలమును లెక్కించు అలవాటు మనకు తక్కువ. అచ్చట జూన్ నెలలో పగలు 15 గంటలకు మించును. డిసెంబరులో 9 గంటలే యుండును. జూన్ మాసమున హాయిగా ముగియు యాత్ర డిసెంబరులో ఏ చిన్న ఆలస్యమైనను చీకటిలో చిక్కుకొనును. కావున సూర్యాస్తమయమునకు రెండుగంటలు ముందుగా ముగియునట్లు ఏర్పరచుకొని, ఆ రెండుగంటలను ఆపదకై దాచిన సొమ్మువలె ముట్టక యుంచవలెను.

పగలు దీర్ఘముగా నున్నదని జూలై, ఆగస్టు మాసములను ఎన్నుకొనుటయు మంచిది కాదు. అప్పుడు ఎండ తీవ్రము. తెల్లని సున్నపురాయి ఎండను మరల పైకి విసరును. థైము, రోజ్‌మేరీ మొదలగు పరిమళపుపొదలు, దేవదారుజాతివృక్షములు ఎండి, ఒక్క నిప్పురవ్వ తగిలినను భగ్గుమనును. వేసవిలో ఆ ప్రాంతపు అధికారులు అడవికొండలలో నాటి అగ్నిప్రమాదము ఎంతయో ప్రకటించుచుందురు. ప్రమాదము మిక్కుటమైన దినములలో ప్రవేశమును నిషేధింతురు. ముందునాటి సాయంకాలమే ఆ ప్రకటనను చూచుకొనవలెను. ఎంతో దూరమునుండి వచ్చితిమి, నలుగురమే కదా, నిప్పు ముట్టించుట లేదు కదా అను వాదములు పనికిరావు. ఆ నిషేధము నిప్పు పెట్టువారికొరకు మాత్రమే కాదు. నిప్పు చుట్టుముట్టినచో రాతిగోడలనడుమ పరుగెత్తుటకు చోటు లేనివారికొరకును.

శరదృతువున తోటలు బంగారువన్నెయు ఎరుపును దాల్చి అతిమనోహరముగా నుండును. కాని ఆ కాలమున మధ్యధరాసముద్రపు వెచ్చని ఆవిరి కొండలకు తగిలి ఒక్కుమ్మడిగా కుంభవృష్టిగా కురియుట కలదు. ఈ కొండలకు సమీపముననే ఊవేజ్ నదీతీరమున వేజోన్ లా రొమేన్ అను పురాతనపట్టణమున్నది. 1992 సెప్టెంబరు 22వ తేదీన కొన్నిగంటలలో కురిసిన వానకు ఆ చిన్ననది ఉప్పొంగి ఇండ్లను, వాహనములను ఊడ్చుకొనిపోయినది. ముప్పదిమందికి పైగా మరణించిరి. రోమనులు రెండువేల సంవత్సరములనాడు కట్టిన ఒంటికమాను రాతివంతెన పిట్టగోడలు కోల్పోయినను ఆ ప్రవాహమునకు తట్టుకొని నిలిచినది. ఉదయమున చీలమండలోతు లేని వాగు సాయంకాలమునకు ఏమగునో దాని అడుగునున్న రాళ్ల పరిమాణమే చెప్పుచుండును. ఉరుములు వినబడగనే శిఖరరేఖను విడిచి దిగవలెను. వాగు పొంగినచో దాటక వేచియుండవలెను. శరత్కాలమున అడవిపందుల వేట సాగుచుండును గనుక పథికులు దూరమునకు కనబడు రంగుబట్టలు ధరింతురు.

తక్కినది వసంతము. ఏప్రిల్, మే నెలలు అన్నిటికంటె అనుకూలములు. అప్పుడును ఒక శత్రువున్నది. దాని పేరు మిస్త్రాల్. ఉత్తరదిక్కునుండి రోన్ లోయ వెంబడి దిగివచ్చు చల్లని పొడిగాలి ఇది. ఒక్కొక్కప్పుడు దీని వేగము గంటకు 100 కిలోమీటర్లను మించును. దీనిలోని మాయ యేమనగా, ఇది మేఘములను తరిమివేసి ఆకాశమును అద్దమువలె నిర్మలము చేయును. గ్రామమున గోడచాటున నిలిచి చూచువానికి ఇంతకంటె మంచిదినము వేరొకటి లేదనిపించును. గాలిబలము దాని వేగపు వర్గమునుబట్టి పెరుగును. 40 కిలోమీటర్ల గాలికంటె 80 కిలోమీటర్ల గాలి రెండింతలు కాదు, నాలుగింతలు నెట్టును. రాతిపండ్లనడుమ సందులలో అది కొలిమితిత్తినుండి వచ్చినట్లు మరింత ఉద్ధతమగును. ఇరుకైన శిఖరరేఖపై అట్టిగాలిలో నడచుట ధైర్యమని పించుకొనదు. ఆ దినమున క్రిందితోటలలో తిరిగివచ్చుట మేలు. కొండ మరునాడును అచటనే యుండును.

నీటివిషయమున రాజీపడరాదు. సున్నపురాయి జల్లెడవంటిది, పడిన వాననీరు పగుళ్లగుండ లోనికి ఇంకిపోయి ఎచ్చటనో దిగువను ఊటగా బయటపడును. శిఖరపంక్తిపై ఒక్క చుక్క దొరకదు. ఒక మోస్తరు ఎండలో నడచువానికి గంటకు అరలీటరు కావలెను. పైన లెక్కించిన 7 గంటల యాత్రకు మనిషికి మూడున్నర లీటర్లు. లీటరునీరు కిలో బరువు; అనగా మూడున్నర కిలోలు మోయవలెను. బరువునకు జంకి నీటిని తగ్గించుకొనువారు కొందరున్నారు. త్రాగినకొలదియు తరుగు బరువు అదొక్కటియే యని వారు మరచుచున్నారు. ఆ గ్రామములు ద్రాక్షాసవమునకు లోకమెల్ల పేరుపడినవి గనుక ఇంకొక మాట చెప్పక తప్పదు. మద్యము దాహమును తీర్చదు సరికదా, శరీరమునందలి నీటిని బయటికి పంపును, అడుగు తడబడజేయును. కొండ ఎక్కు యువకులకును దానికిని పొత్తు కుదరదు.

రొట్టె, బాదము, ఎండుద్రాక్ష, కొంచెము ఉప్పుగల పదార్థము ఏదైనను తిండికి చాలును. జోళ్లు మాత్రము పాతవై, పాదమునకు అలవాటుపడినవై, అడుగున చారలు అరగనివై యుండవలెను. కొత్తజోళ్లను కొండమీద తొలిసారి తొడుగువాడు సాయంకాలమునకు బొబ్బలతో పశ్చాత్తాపపడును. ఎండకు టోపి, గాలికి ఒక పైచొక్కా, కట్టుకట్టుటకు గుడ్డ, చేతిదీపము, ఈల, ఇవి సంచిలో నుండవలెను. పగటియాత్రకు దీపమెందులకని నవ్వువారు దారిలో ఒకని కాలు మడతపడినచో నవ్వరు.

తోటలగుండ పోవునప్పుడు మర్యాద పాటింపవలెను. దారులు పెక్కు రైతుల పొలముల అంచుననే పోవును. పేర్పుడు రాతిగట్టులపై ఎక్కి అడ్డదారిన పోయినచో ఒక రాయి జారును. తరువాతి వానకు ఆ గండినుండి గట్టే కూలును. దానిని మరల పేర్చుటకు రైతునకు దినములు పట్టును. తీగనుండి పండు కోయుట దొంగతనమే గాక అనారోగ్యహేతువు కూడ; తోటలపై తెగుళ్లమందులు చల్లుదురు. మన రైతులు వాడు మైలతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమము ఫ్రాన్సుదేశపు బోర్డో సీమలోని ద్రాక్షతోటలలో పుట్టినదే.

తోటలు దాటినతరువాత దారి గుర్తులను కనిపెట్టుచు నడువవలెను. అచట చెట్లపైనను రాళ్లపైనను రంగుగీతలు వేసియుందురు. తెల్లగీత, దానిక్రింద ఎర్రగీత యున్నచో దూరప్రయాణపు దారి. పసుపుగీత యున్నచో స్థానికమగు చిన్నదారి. రెండుగీతలు ఒకదానినొకటి ఖండించుచు గుణకారచిహ్నమువలె నున్నచో అది దారి కాదని హెచ్చరిక. పది నిమిషములు నడచినను గుర్తు కనబడనిచో, ముందు దొరకునులే యని పోక, కడపట చూచిన గుర్తువరకు వెనుకకు రావలెను. సెల్‌ఫోనులోని పటము ఉపయోగకరమే. కాని రాతిగోడల చాటున సంకేతములు అందకపోవచ్చును, బ్యాటరీ తరిగిపోవచ్చును. కాగితపు పటమునకు ఆ బాధ లేదు.

పొడిగానున్న సున్నపురాయి గరుకుగా నుండి జోడును చక్కగా పట్టుకొనును. అయితే వేలమంది పాదములు పడి నునుపెక్కినచోట తడి తగిలినచో గాజువలె జారును. క్రిందనున్న సున్నపుమట్టియో వానకు బంకయై జోళ్లకు అంటుకొని ఒక్కొక్క అడుగును ఇనుపగుండు చేయును. చేతులు కూడ వాడవలసిన రాతిమెట్లు వచ్చినపుడు రెండు చేతులు, రెండు కాళ్లు అను నాలుగింటిలో మూడు ఎల్లప్పుడును రాతిపై నిలిచియుండి, ఒకటి మాత్రమే కదలవలెను. ఒకని క్రింద మరియొకడు నడువరాదు. పైవాని కాలు తగిలి జారిన గులకరాయి క్రిందివానిని చేరునప్పటికి గులకరాయి కాదు. ఈ గోడలపై త్రాళ్లు కట్టుకొని ఎగబ్రాకువారు కనబడుదురు. వారి విద్య వేరు, శిక్షణ వేరు. వారిని చూచి ముచ్చటపడవచ్చును గాని త్రాడులేక అనుకరింపరాదు.

ఎక్కుటకంటె దిగుట సులభమని లోకుల నమ్మకము. ఎక్కునపుడు ఊపిరి అలయును. దిగునపుడు మోకాళ్లును జాగ్రత్తయు అలయును. కన్ను లోయలోని గ్రామముపై నుండును; మనస్సు అప్పుడే ఇల్లు చేరియుండును; కాలు మాత్రము ఇంకను రాతిమీదనే యున్నది. జారిపడుట అప్పుడే ఎక్కువ. కాబట్టి శిఖరమును చేరునప్పటికి బలములో సగమైనను మిగిలియుండవలెను.

ఇందుకొరకు బయలుదేరకముందే ఒక నిర్ణయము చేసికొనుట మంచిది. వెనుకకు మరలు గంట ఇది యని ముందుగానే పలికియుంచవలెను. పై లెక్కప్రకారము 11 గంటల 30 నిమిషములకు శిఖరము చేరవలసియుండగా, మధ్యాహ్నము 12 గంటల 30 నిమిషములకును చేరనిచో ఎక్కడనున్నను మరలుట అని నిశ్చయించుకొన్నారనుకొందము. సరిగా ఆ వేళకు శిఖరము మూడువందల అడుగుల పైన, చేయి చాచిన అందునట్లు కనబడుచుండును. ఒకనికి బొబ్బలెక్కి నడక మందగించినది. సీసాలలో నీరు సగముకంటె తక్కువకు దిగినది. తక్కినవారు ఉత్సాహముతో నున్నారు. అరగంటలో పోయివత్తుము, నీవిక్కడ కూర్చుండుమని వారు చెప్పబోదురు. బృందము విడిపోవుట ఆ మాటతోనే ఆరంభమగును. ఒంటిగా కూర్చున్నవాడు చలికో విసుగునకో లేచి తానే దిగజూచును. పైనుండి వచ్చినవారు అతనిని కానక వెదకుదురు. వెదకుచుండగా పగలు తరుగును. ఇంటియొద్ద చల్లగా కూర్చుండి ఆలోచించిన నిర్ణయమును కొండపై ఉద్రేకములో మార్చుకొనకుండుటకే గంట ముందుగా నిర్ణయించునది. నలుగురును కలసి మరలవలెను.

ఊరిలో ఒకరియొద్ద చీటి వ్రాసియిచ్చి పోవుట మరువరాదు. ఎందరు పోవుచున్నారు, ఏదారిని, ఎన్నిగంటలకు తిరిగివత్తురు, ఎన్నిగంటలవరకు రానిచో సహాయమునకు కబురు చేయవలెను, ఈ నాలుగు సంగతులు అందుండవలెను. ఐరోపాఖండమున పెక్కుదేశములలో అత్యవసరసహాయమునకు 112 అను సంఖ్యకు ఫోను చేయుదురు. ఫోను పనిచేయనిచో పర్వతారోహకులు అంగీకరించిన సంకేతమొకటి కలదు. ఒక నిమిషములో ఆరుసార్లు ఈల వేయుటగాని, దీపము చూపుటగాని చేసి, ఒక నిమిషము ఆగి, మరల ఆరుసార్లు చేయవలెను. విన్నవారు నిమిషమునకు మూడుసార్లు బదులు ఇత్తురు. దెబ్బతిన్నవానిని గాలి తగులనిచోట కూర్చుండబెట్టి, పైచొక్కాలు కప్పి, ఒకరు తోడుండగా ఇద్దరు కలసి సహాయమునకు పోవుట పద్ధతి. బృందమున నలుగురైనను ఉండవలెననుట ఇందుచేతనే.

కేరోన్ కనుమ 396 మీటర్ల ఎత్తున నున్నది. సాయంకాలము తిరిగివచ్చువారు అచట కొంతసేపు నిలుతురు. ఉదయమున పడమటికి పడిన రాతిపండ్ల నీడలు ఇప్పుడు తూర్పువైపు తోటలపై వంకరటింకరగా సాగియుండును. అచటినుండి జిగోందాస్ వరకు దారి వెడల్పుగా, తోటల అంచుననే దిగును. గ్రామము చేరగనే మొదట చేయవలసిన పని సీసాలు నింపుకొనుట కాదు, జోళ్లు విప్పుటయు కాదు. చీటి ఎవరియొద్ద ఇచ్చిరో వారియొద్దకు పోయి, నలుగురును వచ్చితిమని చెప్పి దానిని తిరిగి తీసికొనవలెను.